ఒకే టోర్నమెంట్‌లో ఒకే మనిషికి రెండు ఖాతాలు: నష్టం ఎక్కడ జరుగుతుంది, ఎలా కనిపెట్టాలి

మీరు అడిగినదాంట్లో మూడు సంగతులున్నాయి. మొన్నటి ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్‌లో, చివరికి మిగిలినవాళ్లు కూర్చునే ఫైనల్ టేబుల్ మీద ఇద్దరు ఆటగాళ్లు ఒకరి జోలికి ఒకరు వెళ్లకుండా ఆడారనీ, అవి ఒకే మనిషి నడిపిన రెండు ఖాతాలేమోననీ మీ అనుమానం. "రెండు ఖాతాలకీ విడివిడిగా బై ఇన్ (ప్రవేశ రుసుము) కడుతున్నప్పుడు ఇంకెవరికి నష్టం?" అని మీ స్నేహితుడి వాదన. ఆయనే వాళ్ల అమ్మగారి పేరు మీద ఇంకో ఖాతా తెరిచి, పెద్ద టోర్నమెంట్‌లో రెండింటితోనూ కూర్చుందామనుకుంటున్నారు. అందులో తప్పుందా అని మీ ప్రశ్న.

చివరిదానికి జవాబు ముందే చెప్పేస్తాను: తెరవొద్దని చెప్పండి. కారణాలు కింద రాస్తున్నాను. నేను చాలా ఏళ్లు టోర్నమెంట్లు ఆడాను. మధ్యలో కొంతకాలం ఒక పోకర్ సైట్‌లో, ఫిర్యాదు వచ్చిన హ్యాండ్లను (ముక్కలు పంచి ఆడే ఒక్కో ఆటని హ్యాండ్ అంటారు) కూర్చుని చదివి రిపోర్టు రాసే పని చేశాను. ఆ పనిలో నేర్చుకున్నది ఏమిటంటే, రెండు ఖాతాల మోసం వాళ్లు చేసిన పనుల్లో దొరకడం తక్కువ. చేయాల్సి ఉండి చేయకుండా వదిలేసిన పనుల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

మీ స్నేహితుడి వాదన దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే చాలామంది నిజాయితీగానే అలా అనుకుంటారు. రీ ఎంట్రీ ఉన్న టోర్నమెంట్‌లో ఒకడు మూడుసార్లు బై ఇన్ కట్టి ఆడొచ్చు కదా, అదే డబ్బుతో రెండు ఖాతాలు పెట్టుకుంటే తేడా ఏంటి అంటారు. తేడా చాలా ఉంది. రీ ఎంట్రీలో మొదటి స్టాక్, అంటే దగ్గరున్న చిప్స్ మొత్తం, పూర్తిగా పోతేనే రెండోది చేతికి వస్తుంది. ఏ క్షణంలో చూసినా ఆ మనిషికి ఒకే స్టాక్ ఉంటుంది. రెండు ఖాతాల వాడికి రెండు స్టాక్‌లు ఒకేసారి బతికి ఉంటాయి. అందరికీ ఒక్క ప్రాణంతో నడిచే ఆటలో వాడు రెండు ప్రాణాలతో ఆడుతున్నాడు. ఒక స్టాక్‌తో రిస్క్ తీసుకుంటూ రెండోదాన్ని భద్రంగా దాచుకోవచ్చు. పైగా మనం ఆ మనిషి గురించి నెలల తరబడి రాసుకున్న నోట్స్ కొత్త ఖాతా ముందు పనికిరావు. ఎదుట ఉన్నది ఎవరో కొత్త ఆటగాడు అనుకుని మనం ఒకలా ఆడతాం, అక్కడ కూర్చున్నది మాత్రం ఆరితేరిన పాత మనిషి.

ఒకే ఆటగాడికి ఒకేసారి ఒకటికి మించి ఎంట్రీలు అధికారికంగా ఇచ్చిన సందర్భం కూడా ఉంది. 2011లో ఫుల్ టిల్ట్ అలాంటి టోర్నమెంట్లు పెట్టింది. కానీ అక్కడ ఆ ఎంట్రీలన్నీ ఒకే పేరుతో, అందరికీ కనిపించేలా ఉండేవి. టేబుళ్లు తగ్గి, ఒకే మనిషి స్టాక్‌లు ఒకే టేబుల్‌కి రావాల్సి వస్తే వాటిని కలిపేసేవారు. ఎందుకు కలిపేసేవారో ఆలోచిస్తే అసలు ప్రమాదం ఎక్కడుందో మీకే తెలుస్తుంది: ఒకే టేబుల్ మీద ఒకే బుర్ర రెండు సీట్లలో కూర్చోకూడదు.

వెయ్యి మంది ఉన్న టోర్నమెంట్‌లో, తొమ్మిది సీట్ల టేబుళ్లలో, ఒక మనిషి రెండు ఖాతాలూ మొదట్లోనే ఒకే టేబుల్‌కి వచ్చే అవకాశం ఒక శాతం కూడా ఉండదు. 999 మందిలో 8 మందే మీ టేబుల్‌లో ఉంటారు. అందుకే మొదటి గంటల్లో ఏమీ కనిపించదు. 27 మంది మిగిలినప్పుడు, రెండూ బతికే ఉంటే, ఆ అవకాశం 31 శాతం. 18 మంది మిగిలాక 47 శాతం. ఫైనల్ టేబుల్‌లో నూటికి నూరు. డబ్బంతా ఎక్కడుందో అక్కడికి వచ్చేసరికే ఈ రెండు సీట్లు కలుస్తాయి. తక్కువ మంది ఆడే టోర్నమెంట్లలో, ఒకటి రెండు టేబుళ్లు నిండగానే మొదలయ్యే సిట్ అండ్ గోల్లో అయితే మొదటి హ్యాండ్ నుంచే కలవొచ్చు. 2010లో పోకర్‌స్టార్స్‌లో డబుల్ ఆర్ నథింగ్ సిట్ అండ్ గోల్లో ఒక గుంపు కలిసి ఆడిన సంగతి బయటపడింది. సగం మందికి సమానంగా డబ్బు వచ్చే ఆ ఆటలో ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు కాపాడుకుంటే మిగతావాళ్లకి దారి ఉండదు. నష్టపోయిన ఆటగాళ్లకు ఆ సైట్ తర్వాత డబ్బు తిరిగి ఇచ్చింది.

ఒకే టేబుల్ మీదకి వచ్చాక మొదటి లాభం, ఇంకో రెండు ముక్కలు తెలియడం. ఈ ఆటలో ఒక్కొక్కరికీ తనకి మాత్రమే కనిపించే రెండు ముక్కలుంటాయి, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు పరుస్తారు: మొదటి మూడు ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్. ఇది చిన్న విషయం అనుకుంటారు. లెక్క వేసి చూడండి. మీ చేతిలో రెండు ఇస్పేట్లు, ఫ్లాప్ మీద ఇంకో రెండు. కనిపించని 47 ముక్కల్లో 9 ఇస్పేట్లు మిగిలాయి, టర్న్, రివర్ కలిపి ఫ్లష్ (ఐదూ ఇస్పేట్లే) పడే అవకాశం 35 శాతం. ఇప్పుడు రెండో ఖాతా ఫోల్డ్ చేసిన (ఆట వదిలి పడేసిన) చేతిలో కూడా రెండు ఇస్పేట్లున్నాయని మీకు తెలుసనుకోండి. 45 ముక్కల్లో 7 మాత్రమే. అవకాశం 29 శాతానికి పడిపోతుంది. ఎదుటివాడు చిప్స్ మొత్తం పెట్టిన ఆల్ ఇన్‌కి కాల్ చేయాలా (సమానంగా కట్టాలా) వద్దా అన్నచోట ఆరు శాతం తేడా అంటే చిన్నది కాదు. జత ఎనిమిదులు పట్టుకుని ఫ్లాప్‌లో మూడోది కోసం చూస్తుంటే మామూలుగా దాదాపు 11.8 శాతం అవకాశం. రెండో ఖాతా చేతిలో ఒక ఎనిమిది ఉందని తెలిస్తే అది 6.25 శాతం, అంటే దాదాపు సగం. పక్కవాళ్లు ఆ ఎనిమిది ఇంకా ప్యాక్‌లో ఉందనుకుని ఆడుతుంటారు.

ఇక అందరూ వెతికేది చిప్ డంపింగ్. ఒక ఖాతా కావాలని ఓడిపోయి చిప్స్ అన్నీ రెండోదానికి అందించడం. ఫిర్యాదుల్లో సగం ఇదే రాస్తారు. నా అనుభవంలో కాస్త తెలివైనవాడు ఈ పని చేయడు, దానికి గట్టి కారణం ఉంది. ముగ్గురు మిగిలారనుకోండి. బహుమతులు 50, 30, 20. చిప్స్ 5000, 3000, 2000. రెండో, మూడో స్టాక్‌లు ఒకే మనిషివి. చిప్స్‌ని డబ్బులోకి మార్చే ఐసీఎం లెక్క ప్రకారం 3000 స్టాక్ విలువ 32.75, 2000 స్టాక్ విలువ 28.86. రెండూ కలిపి 61.6. ఇప్పుడు చిన్న స్టాక్ మొత్తం చిప్స్ పెద్దదానికి పోసేసిందనుకోండి. చిన్న ఖాతాకి మూడో బహుమతి 20 వస్తుంది. మిగిలిన ఇద్దరి దగ్గరా 5000 చొప్పున ఉంటాయి కాబట్టి పెద్ద ఖాతా విలువ 40. మొత్తం 60. అంటే చిప్స్ పోసుకోవడం వల్ల వాడికే నష్టం, ఆ 1.6 ఎదుటివాడి జేబులోకి పోయింది.

వాడికి అసలు లాభం రెండు స్టాక్‌లనూ వీలైనంతకాలం బతికించుకోవడంలో ఉంది. ఒకదాన్నొకటి ముట్టుకోవు. మూడోవాడు పాట్‌లోకి (మధ్యలో పోగయ్యే పందెంలోకి) వస్తే ఒకటి రైజ్ చేస్తుంది (పందెం పెంచుతుంది), రెండోది రీరైజ్ చేస్తుంది, మధ్యలో ఇరుక్కున్నవాడు మంచి చేతిని కూడా పడేయాల్సి వస్తుంది. మూడోవాడు తప్పుకోగానే ఆ రెండిట్లో ఒకటి నిశ్శబ్దంగా ఫోల్డ్ అయిపోతుంది. ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన పందేలని బ్లైండ్స్ (స్మాల్, బిగ్) అంటారు, ఫ్లాప్ తర్వాత అందరికన్నా చివర ఆడే సీటుని బటన్ అంటారు. ఒక ఖాతా బ్లైండ్స్‌లో ఉంటే రెండోది బటన్ మీద నుంచి రైజ్ చేసి వాటిని దొంగిలించదు. పూర్తిగా పోసెయ్యడం కాకుండా, పెద్ద స్టాక్ చిన్నదానికి ఇంకో రౌండ్ బతకడానికి సరిపడా మాత్రమే ఇస్తుంది.

ఇది బాగా కనిపించేది శాటిలైట్ బబుల్‌లో. శాటిలైట్ అంటే పెద్ద టోర్నమెంట్ టికెట్లే బహుమతిగా ఇచ్చే టోర్నమెంట్, బబుల్ అంటే ఇంకొక్కరు పోతే మిగతా అందరికీ బహుమతి ఖాయమయ్యే దశ. ఒక హ్యాండ్ దగ్గరగా చూద్దాం. పది టికెట్లు, పదకొండు మంది మిగిలారు. బ్లైండ్స్ 1000/2000, యాంటీ (ప్రతి హ్యాండ్‌కీ అందరూ వేసే చిన్న మొత్తం) లేదు. బటన్ మీద 1,20,000 ఉన్న పెద్ద స్టాక్. బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడి దగ్గర బ్లైండ్‌తో కలిపి మొత్తం 7000. పెద్ద స్టాక్ 4000కి రైజ్ చేస్తాడు. స్మాల్ బ్లైండ్ ఫోల్డ్. చిన్న స్టాక్ 7000తో ఆల్ ఇన్. ఇప్పుడు పాట్‌లో 4000, 1000, 7000 కలిపి 12,000 ఉంది, కాల్ చేయడానికి ఇంకా 3000 చాలు. ఐదింట ఒక్కసారి గెలిస్తే చాలు, కాల్ లాభమే. అంతకన్నా ముఖ్యంగా, గెలిస్తే బబుల్ పగిలి మిగిలిన పదిమందికీ టికెట్లు వచ్చేస్తాయి. ఓడినా లక్షకి పైగా చిప్స్ ఉన్నవాడికి ఆ 3000 లెక్కలోకి రాదు. అక్కడ పెద్ద స్టాక్ ఫోల్డ్ చేశాడు. చిన్న స్టాక్ 7000 నుంచి 12,000కి పెరిగింది, ఒక్క ముక్క కూడా ఎవరికీ చూపించకుండా.

ఈ హ్యాండ్ చూడగానే మోసం అని అరవాలనిపిస్తుంది. కొంచెం ఆగండి. మామూలు టోర్నమెంట్ బబుల్‌లో పెద్ద స్టాక్ ఉన్న మంచి ఆటగాళ్లు కావాలనే చిన్న స్టాక్‌ని బతకనిస్తారు. బబుల్ ఎంతసేపు సాగితే అంతసేపు భయపడుతున్న మధ్య స్టాక్‌ల బ్లైండ్స్ దోచుకోవచ్చు. అది న్యాయమైన ఎత్తుగడే. శాటిలైట్‌లో టికెట్లన్నీ సమానం, టికెట్ ఖాయమైపోయిన పెద్ద స్టాక్‌కి బబుల్‌ని సాగదీయడం వల్ల వచ్చేదేమీ లేదు. అందుకే అదే ఫోల్డ్ మామూలు టోర్నమెంట్‌లో అర్థవంతంగా ఉంటుంది, శాటిలైట్‌లో అనుమానంగా ఉంటుంది. అయినా ఒక్క హ్యాండ్ సరిపోదు. కొత్త ఆటగాడు పొరపాటున ఫోల్డ్ నొక్కి ఉండొచ్చు, నెట్ పోయి ఉండొచ్చు. అదే పెద్ద స్టాక్ వేరే చిన్న స్టాక్‌లకి కూడా ఇలాగే ఫోల్డ్ చేశాడా అన్నది చూడాలి. ఆ ఒక్కరికే వదిలేసి మిగతా అందరికీ కాల్ చేస్తే, అప్పుడు మాట్లాడుకోవడానికి ఏదో ఉన్నట్టు.

మీరు మీ సందేశంలో రాసిన ఆధారాల్లో కొన్నిటికి బలం లేదు, అవి ముందే పక్కన పెట్టేయండి. ఇద్దరి బెట్ సైజులు ఒకేలా ఉన్నాయన్నారు. ఈరోజు సీరియస్‌గా ఆడేవాళ్లంతా దాదాపు ఒకే రకం సాల్వర్ (సరైన ఆట లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) చార్టులు చదివి వస్తున్నారు. బటన్ మీద నుంచి రెండు బ్లైండ్స్‌కి కాస్త పైన రైజ్, ఫ్లాప్ మీద పాట్‌లో మూడో వంతు బెట్, ఇవి సగం టేబుల్ చేసే పనులే. ఇద్దరూ ఒకే దేశం జెండాతో ఉన్నారన్నారు, దానికీ విలువ లేదు. ఇద్దరూ ఒకే సమయంలో టైమ్ బ్యాంక్ (ఆలోచించుకోవడానికి ఇచ్చే అదనపు సమయం) వాడారన్నది కాస్త ఆసక్తికరం, ముఖ్యంగా ఒకరు పెద్ద నిర్ణయం తీసుకుంటున్నప్పుడు వేరే టేబుల్‌లో రెండోవాడి ఆట కూడా ఆగిపోతుంటే. కానీ ఎనిమిది టేబుళ్లు ఒకేసారి ఆడేవాళ్లందరికీ ఆట అలాగే ఆగుతుంటుంది.

బలమైన ఆధారం ఎప్పుడూ తులనాత్మకంగా ఉంటుంది: ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు ఆడే తీరు, మిగతావాళ్లతో ఆడే తీరు కన్నా వేరుగా ఉందా? ఉదాహరణకి ఒక ఆటగాడు బటన్ రైజ్‌కి బిగ్ బ్లైండ్ నుంచి 14 శాతం సార్లు రీరైజ్ చేస్తాడనుకోండి. ఒక ప్రత్యేకమైన ఖాతా రైజ్ చేసినప్పుడు మాత్రం పదిసార్లలో ఒక్కసారి కూడా చేయలేదు. అనుమానించాలా? వద్దు. 14 శాతం అలవాటు ఉన్నవాడికి వరసగా పదిసార్లు అవకాశం తగలకపోవడం 22 శాతం సార్లు మామూలుగానే జరుగుతుంది. అదే 40 సార్లలో సున్నా అయితే, అది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం దాదాపు 0.24 శాతం, నాలుగు వందల్లో ఒకటి. ఇప్పుడు కూర్చుని చూడాల్సిన విషయం అయింది.

ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి, ఎందుకంటే లెక్కలు వచ్చినవాళ్లే దీంట్లో ఎక్కువగా పడతారు. మీ డేటాబేస్‌లో నాలుగు వందల జంటలను జల్లెడ పడితే, నాలుగు వందల్లో ఒక్కసారి జరిగేది ఎక్కడో ఒకచోట కనిపించే అవకాశమే ఎక్కువ. కాబట్టి ముందు అనుమానం వచ్చి, తర్వాత ఆ ఇద్దరినే చూస్తే ఆ అంకెకి బరువుంటుంది. అందర్నీ జల్లెడ పట్టి దొరికినవాళ్ల మీద నింద వేస్తే ఆ బరువు పోతుంది. ఇలాంటి ఒక్క అంకెతో ఒకరి ఖాతా మూయించాలని చూడటం అన్యాయం. వేరే చోట్ల కూడా అదే తీరు ఉందా చూడాలి: రివర్ మీద ఒకరికొకరు బెట్ వేసుకుంటారా, ఇద్దరే మిగిలిన పాట్‌లు చివరిదాకా పందెం వేయకుండా చెక్ చెక్ అంటూ వెళ్తాయా, ఎప్పుడైనా ఒకరినొకరు టోర్నమెంట్ నుంచి పంపేశారా. నిజంగా విడివిడి మనుషులైతే నెలల్లో ఏదో ఒకసారి ఒకరి చిప్స్ ఒకరు మొత్తం గుంజుకునే ఉంటారు. నేను ఫిర్యాదు చదివేటప్పుడు మొదట వెతికేది అదే హ్యాండ్. అది దొరికితే అనుమానం చాలావరకు అక్కడే చల్లబడేది.

ఆటగాడికి కనిపించనివి సైట్‌కి కనిపిస్తాయి. ఏ డివైస్ నుంచి లాగిన్ అయ్యారు, ఏ నెట్ కనెక్షన్, డిపాజిట్ ఎవరి కార్డుతో చేశారు, విత్‌డ్రా ఏ బ్యాంకు ఖాతాలోకి వెళ్లింది, ఒకటి లాగ్ ఆఫ్ అయిన ఎన్ని సెకన్లకి ఇంకోటి మొదలైంది, మౌస్ ఎలా కదిలింది. అన్నిటికన్నా ముఖ్యం ఫోల్డ్ చేసిన ముక్కలు. మీరు ఊహించేది సైట్ నేరుగా చూడగలదు. రెండు ఖాతాల్లో ఒకటి రాణుల జత పట్టుకుని, రెండోదాని చిన్న రైజ్‌కి ఫోల్డ్ చేస్తే, ఆ ఒక్క లైను చదివినప్పుడే కుర్చీలో నిటారుగా కూర్చుంటాం. ఎందుకంటే ముక్కలు తెలియని మనిషి ఆ పని చేయడు.

ఫోల్డ్ చేసిన ముక్కలు బయటికి వస్తే ఏమవుతుందో 2007లో లోకమంతా చూసింది. అబ్సొల్యూట్ పోకర్‌లో వెయ్యి డాలర్ల టోర్నమెంట్‌లో పాట్‌రిప్పర్ అనే ఖాతా గెలిచింది. రెండో స్థానంలో వచ్చిన ఆటగాడికి అనుమానం వచ్చి హ్యాండ్ హిస్టరీ అడిగాడు. సైట్ పంపిన ఎక్సెల్ ఫైల్‌లో అతని ముక్కలే కాదు, టేబుల్ మీద ఉన్న అందరి ముక్కలూ, ఐపీ అడ్రస్‌లూ ఉన్నాయి. ఆటగాళ్లు కలిసి ఒక్కో హ్యాండ్ చదివారు. ఎదుటివాళ్ల ముక్కలు కనిపిస్తున్నట్టే ఆ ఖాతా ఆడింది. చూడటానికి మాత్రమే కూర్చున్న ఇంకో ఖాతా ఆ టేబుల్‌ని వెంటాడుతూ ఉంది. అది లోపలివాళ్ల సాఫ్ట్‌వేర్ మోసం, మీ కేసులాంటిది కాదు. కానీ పట్టుబడిన పద్ధతి అదే: రెండు ఖాతాల మధ్య సంబంధాన్ని ఓపికగా హ్యాండ్ వెంట హ్యాండ్ చదవడం.

నేరుగా మల్టీ అకౌంటింగ్‌కి సంబంధించి తెలిసిన కేసులు 2006లో వచ్చాయి. పార్టీపోకర్‌లో జీజస్టిన్ పేరుతో ఆడే జస్టిన్ బోనోమో ఒకే టోర్నమెంట్‌లో పలు ఖాతాలతో ఆడినట్టు తేలింది. దాదాపు లక్ష డాలర్లు జప్తు చేసి ఖాతాలు మూసేశారు. ఆయన బహిరంగంగా ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. అదే మనిషి 2018లో ఒక కోటి డాలర్ల మొదటి బహుమతి ఉన్న లైవ్ టోర్నమెంట్ గెలిచారు. ఆయన ఆటలో దమ్ము లేక ఆ పని చేయలేదన్నమాట. మీ స్నేహితుడి వాదనకి ఇది సూటిగా తగులుతుంది: బాగా ఆడేవాడి చేతిలో రెండో స్టాక్ ఉంటేనే మిగతావాళ్లకి ఎక్కువ నష్టం. అదే ఏడాది అదే సైట్‌లో జేజే ప్రాడిజీ అనే టీనేజ్ కుర్రాడు వాళ్లింటి పెద్దావిడ ఖాతాతో ఆదివారం పెద్ద టోర్నమెంట్ గెలిచాడు. వచ్చిన సుమారు 1,40,000 డాలర్లూ పోయాయి.

2007లో పోకర్‌స్టార్స్ ఆన్‌లైన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మెయిన్ ఈవెంట్ కథ మీ ప్రశ్నకి ఇంకా దగ్గర. ది వాయిడ్ అనే ఖాతా మొదటి స్థానంలో వచ్చింది, బహుమతి 13 లక్షల 78 వేల డాలర్లకి పైనే. ఖాతా ఒక పేరున్న ప్రొఫెషనల్ ఆటగాడి సోదరి పేరు మీద ఉంది. విచారణ తర్వాత సైట్ ఆ ఖాతాని అనర్హం చేసి, కింద ఉన్న ప్రతి ఒక్కరినీ ఒక్కో స్థానం పైకి జరిపింది. ఖాతాదారు కోర్టుకి వెళ్లారు, తర్వాత కేసు వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది చివర్లో ఫుల్ టిల్ట్‌లో పది లక్షల డాలర్ల గ్యారంటీ టోర్నమెంట్‌లో, ఒకతను బాగా ముందుకు వచ్చిన తన ఖాతాని ఇంకో అనుభవజ్ఞుడికి అప్పగించాడు. ఇద్దరి మీదా వేటు పడింది. ఖాతా ఒకటే అయినా ఆడేది వేరే మనిషి అయితే అదీ ఇదే జాతి మోసం. వెనక కూర్చుని "కాల్ చెయ్, ఫోల్డ్ చెయ్" అని చెప్పించే గోస్టింగ్ కూడా అంతే.

ఇక అమ్మగారి పేరు. మీ స్నేహితుడు పట్టుబడితే ఏం పోతుందో ఆయనకి వివరంగా చెప్పండి. పోయేది ఆ ఒక్క టోర్నమెంట్ బహుమతి కాదు. రెండు ఖాతాల్లోని మొత్తం డబ్బూ ఆగిపోతుంది, ఎన్నో ఏళ్లుగా నిజాయితీగా సంపాదించింది కూడా. గెలిచిన తర్వాతే కేవైసీ గట్టిగా అడుగుతారు, అప్పుడు వీడియోలో ముఖం చూపించాల్సింది, ఫలానా హ్యాండ్ ఎందుకలా ఆడారో చెప్పాల్సింది అమ్మగారు. ఆవిడ గుర్తింపు పత్రాలు, ఆవిడ బ్యాంకు ఖాతా ఇరుక్కుంటాయి. చేయని పనికి ఆవిడ చేత అబద్ధం చెప్పించాల్సి వస్తుంది. ఆయనకి ఆటలో ఎంత అనుభవమున్నా ఈ పరిస్థితిలోకి తల్లిని లాగే హక్కు లేదు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ పోకర్ తను ఉన్నచోట చట్టబద్ధమా కాదా అన్నది ఇంకా ముందు చూసుకోవాల్సిన సంగతి.

ఒకే ఇంట్లో నిజంగానే ఇద్దరు ఆడేవాళ్లుంటారు, వాళ్లకి ఇది వర్తించదు. అన్నదమ్ములు, భార్యాభర్తలు, రూమ్మేట్లు. అలాంటివాళ్లు ఒకే టోర్నమెంట్‌లో కూర్చునే ముందే సపోర్ట్‌కి మెయిల్ పెట్టాలి. ఒకే ఇంటి నుంచి ఆడొచ్చా, సిట్ అండ్ గోల్లో కలిసి కూర్చోవచ్చా అన్న నియమం సైట్‌ని బట్టి మారుతుంది. ముందుగా రాసిన మెయిల్ తర్వాత అనుమానం వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడుతుంది. ఎవరి డివైస్ వాళ్లు, ఎవరి బ్యాంకు ఖాతా వాళ్లు వాడాలి. ఇద్దరూ ఒకే టేబుల్‌కి వస్తే ఒకరి స్క్రీన్ ఒకరికి కనిపించని చోట కూర్చోవాలి. ప్రేమ కొద్దీ ఒకరి మీద ఒకరు మెత్తగా ఆడటం కూడా నిబంధనల ఉల్లంఘనే. తమ్ముడి బ్లైండ్ దొంగిలించే చెయ్యి వస్తే దొంగిలించాల్సిందే.

మీ ఫైనల్ టేబుల్ సంగతికి వస్తాను. చాట్‌లో ఆరోపణ చేయకండి. తప్పు చేయనివాడైతే అందరి ముందూ దొంగ అనిపించుకుంటాడు, చేసినవాడైతే జాగ్రత్తపడి డబ్బు బయటికి తీసేసుకుంటాడు. పోటీలో ఓడిన కోపం ఇంకా ఉన్నప్పుడు కూడా రాయకండి, మర్నాడు హ్యాండ్ హిస్టరీ మళ్లీ చదివాక రాయండి. సెక్యూరిటీ టీమ్‌కి వెళ్లే మెయిల్‌లో టోర్నమెంట్ నంబర్, రెండు ఖాతాల పేర్లు, అనుమానం వచ్చిన హ్యాండ్ల నంబర్లు ఉండాలి. ఒక్కో హ్యాండ్‌కి రెండు వాక్యాలు చాలు: ఏం జరిగింది, మామూలుగా ఏం జరగాల్సింది. "బటన్ 4000కి రైజ్ చేసి, ఇంకా 3000 కడితే 12,000 గెలిచే చోట ఫోల్డ్ చేశాడు, అంతకు ముందు వేరే ఇద్దరు చిన్న స్టాక్‌లకి ఇలాంటి చోటే కాల్ చేశాడు" అని రాస్తే చదివేవాడు నేరుగా ఆ హ్యాండ్ తెరుస్తాడు. "వీళ్లిద్దరూ దొంగలు, అందరికీ తెలుసు" అని రెండు పేజీలు రాస్తే దాన్ని అర్థం చేసుకోవడానికే సగం రోజు పోతుంది. మీ అనుమానానికి వ్యతిరేకంగా ఉన్న హ్యాండ్ కనిపిస్తే అది కూడా రాయండి. దాన్ని మీరే రాశారంటే మిగతావాటిని మేం ఇంకా శ్రద్ధగా చూసేవాళ్లం.

తర్వాత చాలాకాలం ఏ సమాధానమూ రాకపోవచ్చు. వచ్చినా "విచారించాం, తగిన చర్య తీసుకుంటాం" అనే రెండు లైన్లే ఉంటాయి. ఇంకో ఆటగాడి వివరాలు సైట్ మీకు చెప్పదు. అది నిర్లక్ష్యం కాదు. మోసం తేలితే జప్తు చేసిన డబ్బుని ఆ టోర్నమెంట్‌లో నష్టపోయినవాళ్లకి లెక్కగట్టి పంచే సైట్లున్నాయి. అలాంటప్పుడు టోర్నమెంట్ నంబర్‌తో మీ ఖాతాలోకి కొంత మొత్తం జమ అవుతుంది, ఒక మెయిల్ వస్తుంది. అది రాకపోతే, కొన్ని నెలల తర్వాత ఆ రెండు పేర్లూ మళ్లీ మీ టేబుల్‌కి వస్తే, పాత మెయిల్‌కే జవాబుగా కొత్త హ్యాండ్ల నంబర్లు జోడించి పంపండి. కొత్త ఫిర్యాదు మొదలుపెట్టకండి. పాతదానితో కలిపి చదివితేనే ఆ 10 హ్యాండ్లు 40 అవుతాయి.